సముద్రం లేని జిల్లాలో తీరపు పిట్ట

అనంతపురానికి సముద్రం లేదు. కానీ ‘సముద్రం’ అని పేరున్న చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టించిన బుక్కరాయసముద్రం చెరువు అది. ఇలాంటి చెరువుల దగ్గర చలికాలంలో నీటి అంచున తోక ఎగరేస్తూ ఒంటరిగా తిరిగే చిన్న గోధుమరంగు పిట్టే కామన్ శాండ్‌పైపర్. తెలుగులో ఉల్లంకి అంటారు. దీని శాస్త్రీయ నామం ఆక్టిటిస్ హైపోల్యూకోస్. గ్రీకులో మొదటి మాటకి ‘తీరంలో ఉండేది’ అని, రెండోదానికి ‘కింద తెల్లనిది’ అని అర్థం.

ఎలా గుర్తుపట్టాలి?

పొడవు సుమారు 20 సెం.మీ. పిచ్చుక కన్నా పెద్దది, గోరింక కన్నా చిన్నది. పొట్ట తెలుపు రెక్క ముందు నుంచి భుజం దాకా పైకి పాకి ఉంటుంది. ఇదే అసలు గుర్తు. నీళ్లకి దాదాపు ఆనుకుని, రెక్కలు పూర్తిగా ఎత్తకుండా టపటపా కొట్టుకుంటూ ఎగురుతుంది.

దీనిలాగే ఉండే పిట్టలు ఇంకో రెండున్నాయి. మన ఇఫ్-ఎల్స్ పద్ధతిలో చూద్దాం:

• ఎగిరేటప్పుడు తోక మొదట్లో తెలుపు కనిపించకుండా, రెక్క పొడవునా తెల్ల గీత కనిపిస్తే: ఉల్లంకి.
• తోక మొదట్లో తెలుపు ఉండి, వీపు నిండా చుక్కలు, పసుపు ఛాయ ఉన్న పొడవు కాళ్లు ఉంటే: వుడ్ శాండ్‌పైపర్.
• తోక మొదట్లో తెలుపు ఉండి, రెక్కల కింద నల్లగా ఉంటే: గ్రీన్ శాండ్‌పైపర్.

అలవాట్లు

ఆగస్టు నుంచే రావడం మొదలుపెట్టి, ఏప్రిల్, మే కల్లా వెళ్లిపోతుంది. కాశ్మీర్, లడఖ్ మొదలుకొని ఉత్తరాన యూరప్, ఆసియా నదుల ఒడ్డున నేల మీదే గూడు పెట్టి, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. ఇక్కడికి వచ్చేది తిండి కోసమే. పురుగులు, లార్వాలు, చిన్న నత్తలు తింటుంది.

చెరువు అంచు ఎందుకు ముఖ్యం?

మన జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. మాత్రమే. వానలకి చెరువు నిండితే నీళ్లు కట్టదాకా వస్తాయి, బురద కనపడదు. తర్వాత నీళ్లు తగ్గేకొద్దీ రోజూ కొంచెం కొత్త తడినేల బయటపడుతుంది. ఈ పిట్టలకి అదే మెస్. పూర్తిగా ఎండితే మెస్ బంద్!

ఉల్లంకి రాతికట్ట మీదైనా సర్దుకుంటుంది. వుడ్ శాండ్‌పైపర్‌కి మాత్రం బురద అంచు కావాలి. ఆ అంచుని మట్టితో పూడ్చినా, నిలువుగా తవ్వేసినా, చెరువులో నీళ్లుండి కూడా దానికి తిండి ఉండదు.

హిందూపురం వైపు వీరాపురంలో ఊరివాళ్లు పెయింటెడ్ స్టార్క్ కొంగల్ని కాపాడుకుంటున్న సంగతి చాలామందికి తెలుసు. ఈ చిన్నవాటిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈసారి చెరువు వైపు వెళ్తే ఎన్ని కనిపించాయో తేదీతో సహా ఈబర్డ్‌లో రాయండి. ఫలానా చెరువుకి ఈ పిట్ట వస్తుంది అని చెప్పాలంటే ముందు రికార్డు ఉండాలి కదా.