ముందు బరువు, తర్వాత మందు

రాత్రి పదకొండింటికి బిడ్డ ఒళ్లు పెనంలా కాలుతుంటే ఏ తల్లి చెయ్యయినా ఫ్రిజ్ మీదున్న సీసా మీదికే పోతుంది. అందులో తప్పేం లేదు. లెక్క ప్రకారం వేస్తే పారాసెటమాల్ పిల్లలకు మంచి మందే. మూత తీసేముందు మాత్రం రెండు అంకెలు తెలిసుండాలి: బిడ్డ బరువెంత, సీసాలో మందు బలమెంత.

మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 125 సరిపోతుందనుకుందాం. సూర్యాపేటలో కొన్నా, మిర్యాలగూడలో కొన్నా అన్ని సీసాల బలం ఒకటి కాదు. చుక్కల మందయితే సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. సిరప్‌లలో ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకు 125, ఇంకోదాంట్లో 250. కాబట్టి అదే బిడ్డకు చుక్కల మందయితే మిల్లీలీటరుంబావు, మొదటి సిరప్ అయితే 5, రెండోదయితే రెండున్నర. చుక్కల మందును సిరప్ అనుకుని 5 పోశారా, నాలుగింతలు వేసినట్టే! అందుకే ఇంట్లో చెంచా పక్కనపెట్టి, సీసాతో వచ్చిన కొలత మూతో, డ్రాపరో వాడండి. బరువు తెలియకపోతే అంగన్‌వాడీలో తూకం వేయించండి.

రెండో చిక్కు మనింట్లోనే ఉంది. కోదాడలో అమ్మమ్మ ఆరింటికి మందు వేసి పంపుతుంది. బిడ్డ ఇల్లు చేరాక ఎనిమిదింటికి తల్లి మళ్లీ వేస్తుంది. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు గడవాలి. రోజు మొత్తానికి నాలుగుసార్లు మించొద్దు. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే మందు వేసిన టైమూ, ఎంత వేశారో రాయండి.

జలుబు, దగ్గు సిరప్‌లలోనూ పారాసెటమాల్ దాగి ఉండొచ్చు. జ్వరానికొకటి, జలుబుకొకటి వేస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ కూడా అలాంటి మిశ్రమమే. అక్కడ చంపింది పారాసెటమాల్ కాదు, అందులో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం. ఆ సిరప్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరించింది. చిన్నపిల్లలకు దగ్గు మందు డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. ఏ మందు కొన్నా బిల్లు తీసుకోండి, సీసా మీద బ్యాచ్ నంబర్ చెరిగిపోకుండా చూసుకోండి.

"గట్టి మందియ్యి, పొద్దున బడికి పోవాలె" అని మెడికల్ షాపులో అడగకండి. జ్వరం దించే నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2011లోనే మన దేశంలో నిషేధించారు. వానాకాలం జ్వరం డెంగీ అయ్యే అవకాశముంది. అప్పుడు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఆస్పిరిన్ అయితే జ్వరమున్న పిల్లలకు అసలే వద్దు.

థర్మామీటర్ అంకె తగ్గించడానికి కాదు, బిడ్డకు హాయినివ్వడానికే మందు. 100 ఉన్నా ఆడుకుంటున్న పిల్లకు మందు తొందరేం లేదు. నిద్రపోతుంటే లేపి వేయక్కర్లేదు. దుప్పట్లు తీసేయండి. పాలు, గంజి, మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టండి.

మూడు నెలలలోపు పసికందుకు 100.4 దాటితే మందు కన్నా ముందు డాక్టర్. ఏ వయసు వారైనా మూడో రోజుకీ జ్వరం తగ్గకపోయినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడుకున్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగపోస్తున్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా ఆలస్యం వద్దు, 108కి ఫోన్ చేయండి. మోతాదు ఎక్కువైందని అనుమానమొస్తే బిడ్డ బాగానే కనిపించినా ఆగొద్దు. కాలేయం దెబ్బతిన్న సంగతి మొదటి రోజు బయటపడకపోవచ్చు. విరుగుడు ఉంది, కానీ అది వేళకు పడాలి.

దవాఖానకు బయల్దేరేటప్పుడు సీసా సంచిలో వేసుకోండి, ఆ క్యాలెండర్ కాగితం చించి పట్టుకోండి. "ఏం వేశారు, ఎంత వేశారు, ఎప్పుడు వేశారు?" అని డాక్టర్ అడిగితే, కంగారులో మీకు గుర్తురాని జవాబు ఆ కాగితం చెబుతుంది.