లంచం ఇచ్చే చేయి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో జుమా నమాజ్ తర్వాత మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా సాబ్! చేయి తడపనిదే ఆఫీసులో కాగితం కదలదు. పొలం మాది, పాస్‌బుక్ మాది. అయినా ఇవ్వక తప్పడం లేదు. ఇస్తే మాకూ పాపమేనా?" అడిగేవారు చెడ్డవారు కారు. చిన్న రైతులు, చిరు వ్యాపారులు, పింఛను కోసం తిరిగే వితంతువులు. కనుక ఈ ప్రశ్నను వివరంగా పరిశీలిద్దాం.

సంబోధన ఎవరికి?

అల్ బఖరా సూరా 188వ ఆయత్‌లో అల్లాహ్ ఒకరి సొమ్ము మరొకరు అధర్మంగా తినడాన్ని నిషేధించాడు. పరుల సొమ్ములో కొంత కాజేసే ఉద్దేశంతో ధనాన్ని అధికారుల వద్దకు చేరవేయడాన్ని కూడా వారించాడు. గమనించండి, ఇక్కడ మాట అధికారులతో కాదు, చేరవేసే ప్రజలతో. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) లంచం తీసుకునేవాణ్ణే కాదు, ఇచ్చేవాణ్ణి కూడా శపించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించారు. మరో ఉల్లేఖనంలో మధ్యవర్తి ప్రస్తావన కూడా ఉంది. ఆఫీసు గేటు దగ్గర బేరం కుదిర్చే దళారి ఈ మాట మరువరాదు.

"లంచం కాదు, సంతోషంగా ఇచ్చాం" అనేవారూ ఉన్నారు. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి తిరిగొచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని రెండు భాగాలు చూపాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి, అతను తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసే కొలబద్ద. కుర్చీ చూసి ఇచ్చింది కానుక కాదు.

'తప్పనిసరి' ఎప్పుడు?

తన న్యాయమైన హక్కు పొందడానికి మరే దారీ లేనప్పుడు ఇచ్చినవాడికి మినహాయింపు ఉందనీ, పాపం తీసుకున్నవాడిదేననీ చాలామంది ధర్మవేత్తలు చెప్పారు. కానీ దీనికి షరతులున్నాయి. అది తన హక్కే అయి ఉండాలి. దానివల్ల మరొకరి హక్కు పోకూడదు. మిగతా దారులన్నీ ప్రయత్నించి ఉండాలి. క్యూలో ముందుకు వెళ్లడానికీ, అర్హత లేని పథకం పొందడానికీ ఇచ్చేది ఈ మినహాయింపులోకి రాదు. మనం ఎక్కువగా తప్పేది మూడో షరతు దగ్గర. మిగతా దారుల తలుపు ఒక్కసారైనా తట్టామా?

మన ముందున్న దారులు

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. దీని వెనుక ఉన్నది రాజస్థాన్‌లోని పేద కూలీల పోరాటం. తమ పేరున రాసిన కూలి లెక్కలు చూపమని వారు 1994లో బహిరంగ విచారణలు పెట్టారు, 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. "నా అర్జీ ఏ తేదీన ఎవరి వద్దకు వెళ్లింది? ఎన్ని రోజులుగా ఎవరి వద్ద ఉంది?" అని రాసి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు.

సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు స్వీకరిస్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక రేపల్లె వారికి అది బాపట్లలో, తెనాలి వారికి ఎప్పటిలాగే గుంటూరులో.

డబ్బే అడిగితే అవినీతి నిరోధక శాఖ ఉంది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరం. అయితే బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే అతనికి నేరం అంటదు. ముందే చెప్పి, వారు పొడి పూసిన నోట్లు ఇచ్చి పట్టించినవాడికీ అంతే. అంటే 'తప్పనిసరి' అన్నవాణ్ణి చట్టం కూడా అడుగుతోంది: మరి ఎవరికైనా చెప్పావా?

సాక్ష్యాన్ని దాచరాదు

ఫిర్యాదు చేసి, తర్వాత రాజీపడి, కోర్టులో మాట మార్చేవారున్నారు. సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభూయిష్టమని అల్ బఖరా సూరా 283వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఫిర్యాదీ ఎదురు తిరిగినా ఇతర ఆధారాలతో లంచం నేరాన్ని నిరూపించవచ్చని 2022 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అయినా మన మాట మీద మనం నిలబడటం మన బాధ్యత. అలాగే పగ తీర్చుకోవడానికి అబద్ధపు ఫిర్యాదు చేయడం కూడా జుల్మే.

ఒంటరిగా వెళ్లడానికి భయపడటం సహజం. అందుకే మంచిలో పరస్పరం సహకరించుకోమని అల్ మాయిదా సూరా బోధించింది. బాపట్ల జిల్లాలోని చీరాల ప్రజలు 1921లో పురపాలక పన్నుకు నిరసనగా ఊరు ఊరంతా ఖాళీ చేసి నెలల తరబడి పాకల్లో ఉన్నారు. కలిసి 'ఇవ్వం' అనడం ఈ నేలకు కొత్త కాదు. చదువు రాని పొరుగువారికి, వారు ఏ మతంవారైనా, మన యువకులు అర్జీ రాసిపెట్టి వెంట వెళ్లగలరు.

మన ఇంటి నుంచే

పెళ్లి సంబంధం చూసేటప్పుడు జీతంతోపాటు 'గీతం' ఎంతని అడుగుతున్నాం కదా! ఆ ప్రశ్న అడిగిన నోటితో అవినీతిని ఎలా నిందిస్తాం? మన కొడుకు, అల్లుడు ఉద్యోగి అయితే ఇంటికొచ్చే ప్రతి రూపాయి ఎక్కడిదని అడుగుదాం. మస్జిదు కమిటీ లెక్కలు గోడ మీద అంటిద్దాం. అన్నిసా సూరా 135వ ఆయత్ న్యాయం కోసం మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పమంటోంది.

ఇక ప్రశ్నకు జవాబు: అన్ని దారులూ వెతికి, గత్యంతరం లేక, తన హక్కు కోసం ఇచ్చినవాణ్ణి అల్లాహ్ క్షమిస్తాడని ఆశిద్దాం. వెతకకుండానే ఇచ్చినవాడు మాత్రం తన తర్వాత వచ్చే పేదవాడికి రేటు ఖాయం చేసి వచ్చాడు. అల్లాహ్ మన చేతులను హరామ్ తీసుకోవడం నుంచీ, ఇవ్వడం నుంచీ కాపాడుగాక! ఆమీన్.