పాత కెమెరాకు తగిన వేగపు మెమరీ కార్డు

మన పాఠశాలలో చదివి పోయిన వారిలో ఛాయాచిత్రకళను జీవనోపాధిగా కైకొన్నవారు పలువురు కలరు. వివాహములు, బాప్తిస్మములు, వార్షికోత్సవములు, ఆటల పోటీలు వీరికి పంటచేలు. క్రొత్త వృత్తి కెమెరా కొనుటకు వలయు ధనము సామాన్య కుటుంబమునకు అందుబాటులో నుండదు. కావున వీరిలో ననేకులు ఒకరు వాడి విడిచిన మంచి కెమెరాను సగము కంటె తక్కువ వెలకు కొని పని నారంభింతురు. ఇది తెలివిగల పద్ధతియే. కాని కెమెరా కొనుటకు నెలల తరబడి విచారించినవారు సైతము, అందులో నుంచవలసిన మెమరీ కార్డును మిగిలిన చిల్లరతో, దుకాణదారు చేతికిచ్చినదానిని కొనుచుందురు. వధూవరులు ఉంగరములు మార్చుకొను క్షణము గాని, తలంబ్రాల వేళ గాని రెండవ మారు రాదు. ఆ క్షణమున కెమెరా ఆగిపోయినను, పిమ్మట కార్డు తెరువబడకపోయినను, పోయినది చిత్రములు మాత్రమే కాదు. ఆ యువకుని మీద ఊరివారికి గల నమ్మకము. కావున ఈ చిన్న వస్తువును ఎట్లు ఎన్నుకొనవలెనో లెక్కలతో సహా ఈ పాఠమునందు తెలిసికొందము.

కార్డు చేయు పని యేమి?

మెమరీ కార్డులోని సారము ఫ్లాష్ మెమరీ యనబడునది. దీనిని జపానులోని తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసువోకా అను ఇంజనీరు 1980వ దశకమున కనిపెట్టెను. విద్యుత్తు ఆగిపోయినను వ్రాసినది చెరిగిపోకుండుట దీని గుణము. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును (దీనినే సి.ఎఫ్. కార్డు అందురు), 1999లో ఎస్.డి. కార్డును లోకమునకు పరిచయము చేసిరి.

కెమెరా మీట నొక్కినప్పుడు చిత్రము తిన్నగా కార్డులోనికి పోదు. మొదట అది కెమెరాలోని తాత్కాలిక నిలువకు చేరును. దీనికి బఫర్ అని పేరు. అక్కడినుండి ఒకదాని వెంట నొకటిగా కార్డునకు పోవును. రైతు కుటుంబములలోని పిల్లలకు ఇది సులభముగా బోధపడును. నూర్చిన ధాన్యము మొదట కళ్లములో రాశిగా పడును. అక్కడినుండి గంపలతో గాదెకు చేర్తురు. గాదె ద్వారము ఇరుకైనచో కళ్లము నిండిపోవును; కళ్లము నిండినచో నూర్పు ఆపవలసినదే. బఫర్ కళ్లము, కార్డు గాదె. కార్డు స్వీకరించు వేగమే ఆ ద్వారపు వెడల్పు.

ఒక ఉదాహరణము

మాటలతో తృప్తిపడక ఒక నిజమైన కెమెరాను తీసికొని లెక్క చూతము. 2012లో వెలువడిన కానన్ 5డి మార్క్ 3 అను కెమెరా పెండ్లి చిత్రకారులు మిక్కిలిగా వాడినది. నేడు పాత సరకుగా దొరకుచున్నది. దీని చిత్రమున 2 కోట్ల 23 లక్షల బిందువులు కలవు. మార్పు చేయని ముడి చిత్రము, అనగా రా ఫైలు, ఒక్కొక్కటి సుమారు 27 మెగాబైట్లు. పెద్ద జేపెగ్ చిత్రము సుమారు 7 మెగాబైట్లు. మీట నొక్కి పట్టినచో సెకనుకు 6 చిత్రములు తీయును. అనగా సెకనుకు 162 మెగాబైట్ల పంట కళ్లములో పడుచున్నదన్నమాట.

తయారీదారులు ప్రకటించిన లెక్క ప్రకారము, సామాన్యమైన కార్డుతో ఇది ఎడతెగక 13 రా చిత్రములు తీయును, యు.డి.ఎం.ఏ. 7 అను వేగపు పద్ధతి గల సి.ఎఫ్. కార్డుతో 18 తీయును. పదునెనిమిది చిత్రములనగా సరిగా 3 సెకనులు. భేదము ఐదు చిత్రములే గదా యని తోచవచ్చును. కాని అసలు భేదము దాని తరువాత కనబడును. నిండిన 13 చిత్రములు 351 మెగాబైట్లు. కార్డు సెకనుకు 90 మెగాబైట్లు స్వీకరించునని అనుకొందము. కళ్లము ఖాళీయగుటకు సుమారు 4 సెకనులు పట్టును. 25 మాత్రమే స్వీకరించినచో 14 సెకనులు పట్టును. పెండ్లి పందిరిలో పదునాలుగు సెకనులు చాల దీర్ఘమైన కాలము.

ఈ కెమెరాకు రెండు అరలు కలవు: ఒకటి సి.ఎఫ్. కార్డునకు, రెండవది ఎస్.డి. కార్డునకు. ఇచ్చట పాత కెమెరా కొనువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. దీని ఎస్.డి. అర యు.హెచ్.ఎస్. అను క్రొత్త వేగపు పద్ధతి నెరుగదు. కావున ఎంత వెలగల ఎస్.డి. కార్డు నుంచినను సెకనుకు 25 మెగాబైట్లకు మించి స్వీకరింపజాలదు. కార్డు పనిచేయును, దాని వేగము మాత్రము పనిచేయదు. వేగము కొరకు వెచ్చింపదలచిన ధనమును సి.ఎఫ్. కార్డు మీదనే వెచ్చింపవలెను. కార్డు వేగము, కెమెరా వేగము, ఈ రెంటిలో తక్కువదే మనకు దక్కునది అను సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు.

కార్డు మీది గుర్తులు

కార్డుపై పెద్ద అక్షరములతో అచ్చువేయు అంకె తరచుగా చదువు వేగమే కాని వ్రాత వేగము కాదు. కెమెరాకు వలసినది వ్రాత వేగము. ఇది సాధారణముగా చదువు వేగము కంటె తక్కువగా నుండును. కావున వ్రాత వేగము ఎంతయని విచారించియే కొనవలెను.

కొన్ని సి.ఎఫ్. కార్డులపై 800 ఇంటు, 1066 ఇంటు అని యుండును. ఇచ్చట ఒక ఇంటు అనగా మొదటి సి.డి. యంత్రముల వేగమైన సెకనుకు 150 కిలోబైట్లు. కావున 1066 ఇంటు అనగా సుమారు 160 మెగాబైట్లు. ఇంకొన్నింటిపై వి.పి.జి. 20, వి.పి.జి. 65 అను గుర్తులుండును. ఇవి వీడియో తీయునపుడు ఆ అంకె మెగాబైట్లకు వేగము తగ్గదని తెలుపునవి.

ఎస్.డి. కార్డులపై గుర్తులు మరికొన్ని. వలయములోని 10 అను అంకె సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గని వ్రాత వేగమును, యు ఆకారములోని 3 అను అంకె 30 మెగాబైట్లను, వి30, వి60, వి90 అనునవి ఆయా అంకెల మెగాబైట్లను తెలుపును. ఇవి కనీసపు వేగములు, గరిష్ఠములు కావు. యు.హెచ్.ఎస్. మొదటి తరగతి మార్గము సెకనుకు 104 మెగాబైట్ల వరకును, రెండవ తరగతి మార్గము 312 మెగాబైట్ల వరకును పోగలదు. రెండవ తరగతి కార్డు వెనుక లోహపు పలకలు రెండు వరుసలుగా నుండును, దానినిబట్టి గుర్తింపవచ్చును.

వీడియోకు మిక్కిలి వేగపు కార్డు వలయునని పలువురు తలంతురు. మన ఉదాహరణపు కెమెరా తన శ్రేష్ఠమైన పద్ధతిలో నిమిషమునకు 685 మెగాబైట్ల వీడియో వ్రాయును. అరువదిచేత భాగించినచో సెకనుకు పదకొండున్నరకు లోపలనే. వరుసగా తీయు రా చిత్రములకు వలసిన వేగము దీనికి పదునాలుగు రెట్లు. ఊహకును లెక్కకును గల దూరమిది.

అరకు తగిన కార్డు

ఆకారము చూచి మోసపోరాదు. సీఫాస్ట్ అను కార్డు సి.ఎఫ్. కార్డును పోలియుండును గాని దాని అర వేరు. ఒకదానిలో నొకటి పనిచేయదు. 2016లో వెలువడిన కానన్ 1డి ఎక్స్ మార్క్ 2 కెమెరాలో ఈ రెండు రకముల అరలు ప్రక్కప్రక్కనే కలవు. అట్లే 2012లో వచ్చిన నికాన్ డి4లో ఒక అర సి.ఎఫ్.కు, రెండవది ఎక్స్.క్యు.డి. అను కార్డునకు. దీని ఆకారమే గల సీఎఫ్ఎక్స్‌ప్రెస్ బి రకపు కార్డు నేడు దొరకుచున్నను డి4 దానిని చదువదు. 2006కు ముందు వచ్చిన కెమెరాలు 2 గిగాబైట్లకు మించిన ఎస్.డి. కార్డులను సాధారణముగా చదువవు. కాబట్టి కెమెరా పేరు, దాని సంచిక చెప్పి, ఏ కార్డు చెల్లునో దాని కరపుస్తకములో చూచిన పిదపనే అంగడికి పోవలెను.

పాత కెమెరా కొనునపుడే సి.ఎఫ్. అరలోనికి చేతిదీపము వేసి చూడుడు. అందు 50 సన్నని సూదులు రెండు వరుసలుగా నుండును. ఒక్కటి వంగియున్నను ఆ బేరము మానుట మేలు. కార్డును వంకరగా త్రోయుటచేతనే ఇవి వంగును. కావున తిన్నగా, బలవంతము లేక చొప్పింపవలెను.

వేగమా, భద్రతయా?

ఇది ఈ పాఠములో ముఖ్యమైన ప్రశ్న. రెండు అరలు గల కెమెరా ఒకే చిత్రమును రెండు కార్డులపై వ్రాయగలదు. ఒకటి చెడినను రెండవది మిగులును. కాని అప్పుడు కెమెరా, నెమ్మదిగా నడచు కార్డు కొరకు కాచుకొనియుండవలెను. గుఱ్ఱమును ఎద్దును ఒకే కాడికి కట్టినచో బండి ఎద్దు నడకనే నడచును.

మేము సూచించు మధ్యమార్గము ఇది: రా చిత్రము వేగపు సి.ఎఫ్. కార్డుపైనను, జేపెగ్ చిత్రము ఎస్.డి. కార్డుపైనను వ్రాయునట్లు కెమెరాను అమర్చుడు. 27 మెగాబైట్లకు బదులు 7 మాత్రమే నెమ్మది ద్వారమున పోవును గనుక ఆలస్యము చాల తగ్గును. ఆటల పోటీలో, పరుగు పందెములో వేగమే ప్రధానము, అచ్చట సి.ఎఫ్. కార్డు ఒక్కటియే చాలును. వివాహములో, బాప్తిస్మములో, పదవీ విరమణ చేయు ఉపాధ్యాయుని సన్మానములో భద్రతయే ప్రధానము. అచ్చట రెండు ప్రతులు లేక మీట నొక్కరాదు.

అట్లే 64 గిగాబైట్ల కార్డు ఒక్కటి కొనుట కంటె 32 గిగాబైట్లవి రెండు కొనుట మేలు. ఒక్కొక్క దానిలో సుమారు 1180 రా చిత్రములు పట్టును. ప్రధాన కార్యము ముగియగానే మొదటి కార్డును తీసి జేబులో భద్రపరచి రెండవది వేసికొనవచ్చును.

అసలును నకిలీయు

క్రొత్త కెమెరాలలో సి.ఎఫ్. కార్డులు వాడుకలో లేవు గనుక పాతవాటిని వెదకి కొనవలసి వచ్చుచున్నది. ఇచ్చటనే నకిలీలు చేరును. తక్కువ నిలువ గల కార్డునకు ఎక్కువ నిలువ కలదని కెమెరాతో అబద్ధమాడునట్లు చేయుదురు. కార్డు అసలు కొలత దాటువరకు మోసము బయటపడదు. దాటిన పిదప చిత్రములు దక్కవు. దీనికి విరుగుడు సులభమే. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అను ఉచిత ప్రోగ్రాములు కార్డును తుదిదాక నింపి తిరిగి చదివి సరిచూచును. ఎట్టి కార్డునైనను ఈ పరీక్ష కాకమునుపు పనికి తీసికొనిపోరాదు. వారంటీ చీటీని, రసీదును దాచియుంచవలెను.

కొన్న పిదప

కార్డును కంప్యూటరులో గాక కెమెరాలోనే ఫార్మాట్ చేయవలెను. చిత్రములు రెండు చోట్ల దాచిన తరువాతనే ఆ పని చేయవలెను. ఎఱ్ఱ దీపము వెలుగుచున్నంతసేపు కార్డును గాని బ్యాటరీని గాని తీయరాదు; బఫరులోని చిత్రములు అప్పటికింకను కార్డునకు చేరియుండవు. పొరపాటున చిత్రములు చెరిగిపోయినచో ఆ కార్డుపై మరేమియు వ్రాయక తీసి యుంచినచో తరచుగా వాటిని మరల పొందవచ్చును.

గోపురము కట్టదలచినవాడు ముందు వ్యయము లెక్క చూచుకొను ఉపమానము మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. కెమెరా వెలతోపాటు రెండు మంచి కార్డుల వెలను, ఒక కార్డు రీడరు వెలను మొదటనే కలిపి లెక్కించుకొనుడు. ఆ మొత్తము చేతికి మించినచో, కెమెరాను ఒక మెట్టు తగ్గించుకొనుడు గాని కార్డును తగ్గించుకొనకుడు. పొరుగువారు తమ జీవితములోని శుభదినమును మన చేతులలో పెట్టుచున్నారు. దానిని క్షేమముగా తిరిగి అప్పగించుట మన విధి.

అభ్యాసము

1. సెకనుకు 6 చొప్పున 27 మెగాబైట్ల చిత్రములు 4 సెకనులు తీసినచో మొత్తమెంత?
2. 800 ఇంటు అని యున్న కార్డు వేగము సెకనుకు ఎన్ని మెగాబైట్లు?
3. నిమిషమునకు 685 మెగాబైట్ల వీడియో 32 గిగాబైట్ల కార్డులో ఎన్ని నిమిషములు పట్టును?
4. 27 మెగాబైట్ల చిత్రములు 40 కలవు. సెకనుకు 20 మెగాబైట్లు స్వీకరించు కార్డునకు ఎంత కాలము పట్టును?

ఉత్తరములు: 1. 648 మెగాబైట్లు. 2. 120. 3. సుమారు 46. 4. 54 సెకనులు.