జీర్ణోద్ధరణ

శిథిలమైన కట్టడాన్ని పడగొట్టక, చెడిన భాగాన్ని సరిచేసి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. గుడులకు వాడిన ఈ మాట పాత కంప్యూటరుకూ చక్కగా సరిపోతుంది.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు విద్యార్థులకు నెలవులు. ఒకవైపు నగర కేంద్ర గ్రంథాలయం, మరొకవైపు పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు. దూరప్రాంతాల నుండి వచ్చిన యువకులు ఇక్కడి ఇరుకు గదులలో అద్దెకుంటారు. అటువంటి ఒక గదిలో 2016 నాటి ఆటల కంప్యూటరు ఉన్నదనుకొందాం. పగలు పాఠాలకు, రాత్రి కొంతసేపు ఆటకు అదే ఆధారం. ఇప్పుడది తెరుచుకోవడానికే నాలుగైదు నిమిషాలు తీసుకొంటున్నది. ఆటలో బొమ్మలు తడబడుతున్నవి. దాని యజమాని ఏడాదిగా కూడబెట్టినది ఎనిమిది వేల రూపాయలు. తప్పు వస్తువు కొంటే మరొక ఏడాది ఆగవలసిందే.

ఇటువంటి వారి చూపు ముందుగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. అది తొందరపాటు. వైద్యుడు నాడి చూడక మందివ్వడు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిస్తే యంత్రం తన బాధ తానే చెప్పుకొంటుంది. కార్డు నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంటే లోపం కార్డుదే. ప్రాసెసర్ అలసిపోయి కార్డు ఖాళీగా కూర్చుంటే కొత్త కార్డు వలన ఫలితముండదు. కంప్యూటరు తెరిచిన చాలాసేపటి వరకు డిస్కు 100 శాతం చూపుతుంటే మందగమనానికి మూలం అదే.

పాత యంత్రాలలో తరచుగా కనిపించే జబ్బు ఈ చివరిదే. హార్డ్ డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది; కావలసిన సమాచారాన్ని దానిపై వెదకి పట్టుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. దానిని అమర్చితే నిమిషాల నిరీక్షణ సెకన్లకు దిగుతుంది. అయితే ఆట త్వరగా తెరుచుకొంటుందే గాని బొమ్మల తడబాటు పోదు. అంగడిలో ఈ రెండవ మాట వినిపించడం అరుదు.

ఒకే ర్యామ్ ఉన్నచోట అటువంటిదే మరొకటి జతచేస్తే సమాచారం రెండు దారులలో నడుస్తుంది. 2016 ప్రాంతంలో డీడీఆర్3, డీడీఆర్4 రెండూ వాడుకలో ఉండేవి. ఒకదాని గాడిలో మరొకటి ఇమడదు గనుక పాతదానిని వెంట తీసుకొని వెళ్లడం మేలు. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు బాగా పెరిగినందున వాడినదానికోసం వెదకడంలో చిన్నతనమేమీ లేదు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ వద్ద దిగితే, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎంతో దూరం కాదు.

గ్రాఫిక్స్ కార్డు కొనేవారు విద్యుత్తు సంగతి మరువరాదు. మదర్‌బోర్డు గాడి కార్డుకు ఇవ్వగలిగినది 75 వాట్లే. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 వంటి కార్డులు చాలావరకు దానితోనే సరిపెట్టుకొంటాయి. అంతకు మించినవాటికి పవర్ సప్లయి నుండి వేరే తీగ కావాలి. పాత కార్డును అరగంటైనా ఆటతో నడిపి చూడనిదే డబ్బు చెల్లించరాదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారిన తరువాత, రాత్రింబవళ్లు ఆ నాణెపు గనులలో చాకిరీ చేసిన కార్డులెన్నో సంతకెక్కాయి.

ఇక విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2016 నాటి ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. లినక్స్‌కు మారితే ప్రోటాన్ సాయంతో విండోస్ ఆటలు చాలావరకు నడుస్తాయి. వాలరెంట్ వంటి కొన్ని నడవవు.

మన విద్యార్థి టాస్క్ మేనేజర్ చూశాడు. డిస్కుదే తప్పని తేలింది. ఎస్‌ఎస్‌డీ, వాడిన ర్యామ్ ఒకటి కొన్నాడు. ఫ్యానులో పేరుకొన్న దుమ్మును చిన్న కుంచెతో తానే దులిపాడు. కార్డు మాట పరీక్షల తరువాత చూడవచ్చునని, మిగిలిన డబ్బును గది అద్దె కవరులో పెట్టాడు.