టీచర్ల గ్రూపులో అందరికీ చోటు

ప్రశ్న: జీవశాస్త్రం టీచర్లం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మహిళా టీచర్లు నోరు విప్పరు. చూపులేని సహోద్యోగి ఒకరు తప్పుకున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: ముందు ఆయన సంగతి చూద్దాం, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నోట్సును ఫొటో తీసి పెడితే ఆయన ఫోన్లో తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు అది బొమ్మే. యూనికోడ్ తెలుగులో టైపు చేస్తే చదివి వినిపిస్తుంది. గుండె పటం పంపితే ఏ గది ఎక్కడుందో, రక్తం ఎటు వెళుతుందో కింద రెండు వాక్యాల్లో రాయండి. చూపున్నవాళ్లకూ అది మంచి నోట్సే. మీరే స్వయంగా వెళ్లి ఆయన్ని వెనక్కి పిలవండి.

ఇక మహిళా టీచర్ల సంగతి. వాట్సాప్ గ్రూపులో సాధారణంగా అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వాళ్ల మౌనానికి అదొక కారణం కావచ్చు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. మారాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి, అడ్మిన్లలో సగం మంది వాళ్లే ఉండేలా చూడండి.

గ్రూపు ఏదైనా అందులో పిల్లల ఫొటోలు, మార్కుల జాబితాలు మాత్రం వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇతరుల వర్క్‌షీట్ పంచేటప్పుడు తయారుచేసినవారి పేరు తీసేయకండి.