ఈ పూటకి పది మెగాహెర్ట్జ్ చాలు

"కొత్త కంప్యూటర్ కొన్నాక అన్నీ నేర్చుకుంటాను." ఈ మాట ఇవాళే మానేయండి.

సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి నేత పనికి సూరత్ చేరిన కుటుంబాలు ఎన్నో. మీరూ అలాంటి ఇంటివారే అనుకుందాం. ఉన్‌లోనో, ఉధ్నాలోనో, లింబాయత్‌లోనో ఉంటారు. బయట సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు. మూలన కోర్ 2 కాలం నాటి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా ఓపెన్ అవుతూనే ఉంటుంది. దాన్ని తిట్టుకుంటున్నారా? తిట్టకండి. ఓపిక నేర్పడానికి దాన్ని మించిన కోచ్ దొరకదు.

దాన్నే ఇంకొంచెం వేగంగా నడిపించడం ఎలాగో చూద్దాం. ముందు ఒక లెక్క. పాత ప్రాసెసర్ల వేగం రెండు సంఖ్యల లబ్ధం: బస్ స్పీడ్, మల్టిప్లయర్. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక చిప్ తెచ్చింది. బస్ 66, మల్టిప్లయర్ నాలుగున్నర, మొత్తం 300 మెగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌కి కంపెనీ తాళం వేసేసింది. దాంతో కుర్రాళ్లు బస్‌ని పట్టుకున్నారు. 66ని 100 చేశారు. చాలా చిప్‌లు 450 దగ్గర హాయిగా నడిచాయి! ఇలా పెంచడమే ఓవర్‌క్లాకింగ్.

తమాషా ఏమిటంటే, భయపడి మధ్యలో 83 దగ్గర ఆగినవాళ్లకే ఎక్కువ చిక్కు. 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డు 100ని అధికారికంగానే మోస్తుంది, అక్కడ హార్డ్ డిస్క్, కార్డులు నడిచే పీసీఐ బస్ తన 33లోనే ఉంటుంది. 83 దగ్గర మాత్రం పీసీఐ కూడా 41 దాటిపోయి, హార్డ్ డిస్క్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఉండేది. అంటే ధైర్యం ఒక్కటే చాలదు. ఒకటి పెంచితే దాని వెంట ఇంకేమేం పెరుగుతాయో తెలుసుకుని పెంచాలి.

తాళం పడినదాని గురించి వాళ్లు ఏడవలేదు. తెరిచి ఉన్నది వెతికారు. మీరూ అదే చేస్తారు.

ఇక మీ మెషిన్ దగ్గరికి రండి. ఉదాహరణకి పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160. బస్ 200, మల్టిప్లయర్ 9, మొత్తం 1.8 గిగాహెర్ట్జ్. బస్ 266 అయితే 2.4. మంచి చిప్, మంచి బోర్డు పడితే 333 దగ్గర 3 గిగాహెర్ట్జ్. మీ చిప్ అంత దూరం వెళ్తుందని నేను మాట ఇవ్వను. ఒకే మోడల్‌లో కూడా ఏ చిప్ తీరు దానిదే. పక్కింటి అబ్బాయి స్కోరుతో పోల్చుకునే అలవాటు ఇక్కడితో బంద్.

మొదలుపెట్టే ముందు మూడు పనులు చేయండి.

బ్యాకప్ తీయండి. నాన్న జాబ్ వర్క్ లెక్కలు అందులోనే ఉంటే, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా ఈ సెట్టింగులు ఉండే బయోస్ జోలికి వెళ్లొద్దు. ఇందులో బేరం లేదు.

కేసు విప్పండి. సాంచాల పక్కన ఉండే కంప్యూటర్‌లో హీట్‌సింక్ రెక్కల మధ్య నూలు పీచు, దుమ్ము కలిసి మెత్తలా పేరుకుంటాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కిందికి దిగదు. ఆ పీచు తీసేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది బియ్యం గింజంత పెట్టండి. బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఆ బోర్డుకి ఓవర్‌క్లాకింగ్ వద్దు.

బోర్డు పేరు చదవండి. ఇంటెల్ సొంత పేరుతో వచ్చిన మామూలు బోర్డుల బయోస్‌లో బస్ మార్చే వీలు సాధారణంగా ఉండదు. అప్పుడు నిరాశ పడక్కర్లేదు. దుమ్ము పోయింది కదా, సగం లాభం వచ్చేసినట్టే.

బస్ మార్చే ఆప్షన్ ఉందా? పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ని 100 దగ్గర, పీసీఐని 33 దగ్గర లాక్ చేయండి. ర్యామ్‌ని ఆటోలో వదలొద్దు. వీలున్నంత తక్కువ రేషియో పెట్టండి. బస్ 266, రేషియో ఒకటికి ఒకటి అయితే డీడీఆర్‌2 667 ర్యామ్ 533 దగ్గరే నడుస్తుంది. తప్పు వస్తే అది ప్రాసెసర్‌దేనని దాదాపు తేల్చేయొచ్చు.

ఇప్పుడు 200ని 210 చేయండి. అంతే! సేవ్.

నేరుగా విండోస్‌లోకి పరుగెత్తకండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. పాసైతే విండోస్‌లో ప్రాసెసర్‌ని పరీక్షించే ప్రైమ్95 కొన్ని గంటలు. టెంపరేచర్ 70 డిగ్రీలు దాటితే ఆపేయండి. నోట్‌బుక్‌లో ఒక్క లైన్ రాయండి: తారీఖు, బస్, వోల్టేజ్, వేడి, పాస్ లేదా ఫెయిల్. మర్నాడు 220.

చేతులు దురద పెడతాయి, తెలుసు. "ఒకేసారి 300 పెడితే పోలా?" అనిపిస్తుంది. పెట్టొద్దు. ఫెయిలైతే కారణం దొరకదు. కారణం దొరకని ఫెయిల్యూర్ నుంచి నేర్చుకునేది సున్నా. ఒక్కసారికి ఒక్కటే మార్చడం అలవాటైతే, రేపు ఆగిపోయిన మోటారు ముందు నిలబడ్డా మీ చెయ్యి తడబడదు. ఇంటర్వ్యూలో "ఈ సమస్య ఎలా కనుక్కున్నావు?" అని అడిగితే ఆ నోట్‌బుక్కే మీ జవాబు.

వోల్టేజ్ ఆఖరి అస్త్రం. పది శాతం పెంచితే, స్పీడ్ మార్చకపోయినా వేడి దాదాపు 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముట్టకుండా ఎంత దూరం పోతే అంతే చాలు అనుకోండి. ఆశకి హద్దు గీయడం కూడా ఒక స్కిల్లే.

స్క్రీన్ నల్లగా ఉండిపోయిందా? కంగారు వద్దు. ప్లగ్ పీకండి. రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగి పెట్టండి, లేదా క్లియర్ సీమాస్ జంపర్ వాడండి. మళ్లీ 200 నుంచి మొదలు.

280 దగ్గర ఎర్రర్ వస్తే 270లో స్థిరపడకండి. 260కి దిగండి. సూరత్ ఎండల కోసం ఆ పది వదిలిపెట్టాలి. జనవరిలో పాసైన సెట్టింగ్‌ని మే నెల మధ్యాహ్నం మళ్లీ పరీక్షించండి. ఫెయిలైతే ఇంకో పది దించి, నోట్‌బుక్‌లో తారీఖు వేయండి.