కాంక్రీటు తెల్లటి ముద్దయితే

ప్రశ్న: మాది చౌడు నేల. సున్నపురాయి పొడి కలిసిన సిమెంటుతో పునాది వేస్తే సల్ఫేటు తినేస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. మన దగ్గర ఎక్కువగా భయపడాల్సింది వేరే రకం దెబ్బకు. భూమిలోని సల్ఫేటు తడితో పాటు కాంక్రీటులోకి ఇంకి, సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఎట్రింజైట్ స్ఫటికాలు కడుతుంది. అవి ఉబ్బి లోపలి నుంచే పగలగొడతాయి. మూలలు, అంచులు ముందు రాలతాయి.

సున్నపురాయి పేరు చెడింది థామసైట్ వల్ల. సల్ఫేటుకు కార్బొనేటు, తడి, చలి తోడైతే పుట్టే ఖనిజమిది. సిమెంటుకు పట్టునిచ్చే జిగురునే మింగేస్తుంది. 1998లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో ఎం5 రహదారి వంతెనల పునాదులు తవ్వి చూస్తే, కాంక్రీటు పైపొర తెల్లటి మెత్తటి ముద్దయి ఉంది. కంకరలో సున్నపురాయి ఉంది, చుట్టూ పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న బంకమట్టి. కట్టేటప్పుడు తవ్వి పూడ్చిన ఆ మట్టికి గాలి తగిలి, పైరైటే సల్ఫేటుగా మారింది.

థామసైట్ 15 డిగ్రీల లోపు చలిలోనే చురుగ్గా పెరుగుతుంది. మన నేల అంత చల్లబడేదెప్పుడు?

ముందు మట్టిని, బోరు నీటిని పరీక్షకు పంపండి. కాంక్రీటు కలిపే నీటిలో సల్ఫేటు లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 నియమం. మట్టిలో సల్ఫేటుతో పాటు ఉప్పు కూడా ఉంటే స్లాగ్ సిమెంటు మేలు. మేస్త్రి “ఇంకో బకెట్ నీళ్లు పోద్దాం సార్” అంటే మాత్రం ససేమిరా అనండి; నీళ్లెక్కువైతే కాంక్రీటు గుల్లబారి సల్ఫేటు సులువుగా ఇంకుతుంది.